పోర్టు పలకనంత మాత్రాన బోర్డు పోయినట్టు కాదు

2023 నవంబరులో ఒక సాయంత్రం, మా కాలనీలో ఉంటున్న విశ్రాంత ఉద్యోగి ఒకరు తమ లాప్‌టాప్‌ను గుడ్డ సంచిలో పెట్టుకొని మా ఇంటికి వచ్చారు. స్టోర్సు విభాగంలో ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసిన పెద్దమనిషి. పింఛను ఆగకుండా అందాలంటే ఏటా సమర్పించవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని ఆయన ఇంట్లోనే తయారుచేసుకుంటారు. అందుకోసం వేలిముద్ర తీసుకునే చిన్న యంత్రాన్ని సొంత డబ్బుతో కొనుక్కున్నారు. తన పని అయ్యాక, నడవలేని తోటి పింఛనుదారులకు కూడా చేసిపెట్టటం ఆయనకు అలవాటు.

కుర్చీలో కూర్చుంటూనే, "నాయనా, వేలిముద్ర యంత్రం పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. పెన్‌డ్రైవ్ పెట్టినా అంతే. షాపులో చూపిస్తే బోర్డు పోయింది, పన్నెండు వేలవుతుందన్నారు. ఇంకా మూడు రోజులే గడువు. నా ఒక్కడిదీ అయితే ఎలాగో తిప్పలు పడేవాణ్ణి. మరో ఆరుగురికి మాటిచ్చాను" అన్నారు.

"షాపులో విప్పి చూశారా అండీ?" అని అడిగాను. "లేదు. మౌస్ ఒకటి పెట్టి చూసి చెప్పేశారు" అన్నారాయన.

ఇటువంటి సందర్భం మన ఉద్యోగుల ఇళ్లలో ఏదో ఒక రోజు ఎదురుకాక మానదు. టెండరు దాఖలు చేయవలసిన రోజున డిజిటల్ సంతకపు టోకెన్‌ను లాప్‌టాప్ గుర్తించకపోవచ్చు. పిల్లల ప్రాజెక్టు ఉన్న పెన్‌డ్రైవ్ తెరుచుకోకపోవచ్చు. అప్పుడు మన నోట వచ్చే మొదటి మాట "పోర్టు పోయింది" అని. పలకని పోర్టులన్నీ పోయిన పోర్టులు కావు. ఒక వరుస ప్రకారం పరీక్షించుకుంటే, విప్పకుండా, డబ్బు ఖర్చు కాకుండా సరిపడే లోపాలు చాలా ఉన్నాయి. ఆ వరుసను వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

పోర్టు పనిచేసే తీరు

మనలో పాతతరంవారికి గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు కంప్యూటరు వెనక ప్రింటరుకు 25 కాళ్ల పోర్టు, మోడెంకు 9 కాళ్ల పోర్టు, మౌస్‌కు, కీబోర్డుకు గుండ్రని పోర్టులు వేర్వేరుగా ఉండేవి. కొన్నిటికి మరలు కూడా బిగించవలసి వచ్చేది. ఈ గందరగోళాన్ని తొలగించటానికి ఏడు సంస్థలు కలిసి రూపొందించిన ఉమ్మడి పద్ధతే యూనివర్సల్ సీరియల్ బస్, అంటే యు.ఎస్.బి. దాని మొదటి ప్రమాణం 1996 జనవరిలో వెలువడింది. ఇంటెల్ సంస్థలో ఈ కృషికి నాయకత్వం వహించిన అజయ్ భట్, వడోదరలోని మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయంలో చదువుకున్న భారతీయుడు కావటం మనకు గర్వకారణం.

సాధారణమైన పోర్టులోకి తొంగిచూస్తే ఒక ప్లాస్టిక్ నాలుక, దానిపై నాలుగు లోహపు రేకులు కనిపిస్తాయి. అంచున ఉన్న రెండూ 5 వోల్టుల విద్యుత్తు కోసం, మధ్య ఉన్న రెండూ సమాచారం కోసం. పరికరం వైపున ఉండే ప్లగ్గులో విద్యుత్తు రేకులు కొంచెం పొడవుగా ఉంటాయి. ముందు విద్యుత్తు అందాలి, ఆ తరువాతే సంభాషణ మొదలుకావాలి అన్నది అందులోని ఉద్దేశం. 2008లో వచ్చిన 3.0 ప్రమాణంలో మరో అయిదు రేకులు చేరాయి. 2014లో వచ్చిన టైప్-సి పోర్టులో మొత్తం 24 ఉన్నాయి.

పరికరాన్ని పోర్టులో పెట్టిన క్షణంలో మూడు పనులు వరుసగా జరుగుతాయి. మొదటిది, పరికరానికి విద్యుత్తు అందుతుంది. రెండవది, తాను ఎవరో ఏమిటో పరికరం కంప్యూటరుకు చెప్పుకుంటుంది. మూడవది, విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థ దానికి తగిన డ్రైవరును జతచేసి పనికి అనుమతిస్తుంది. విద్యుత్తు, పరిచయం, అనుమతి అనే ఈ మూడింటిలో ఏది ఆగినా మనకు బయటికి కనిపించేది ఒక్కటే: పోర్టు పలకలేదు. కనుక ఎక్కడ ఆగిందో తెలుసుకుంటే సగం వైద్యం జరిగినట్టే.

మొదటి పరీక్ష: లోపం ఎవరిది?

ముందుగా పరికరాన్ని వేరొక కంప్యూటరులో పెట్టి చూడాలి. అక్కడా పనిచేయకపోతే లోపం పరికరానిదే. తరువాత మన లాప్‌టాప్‌లో ఉన్న అన్ని పోర్టులనూ, బాగా పనిచేస్తుందని తెలిసిన ఒక పరికరంతో ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఒక్క పోర్టే పలకటం లేదా, ఒక వైపువన్నీనా, రెండు వైపులవీనా అన్నది కాగితంమీద రాసుకోవాలి. మరమ్మతు దాకా వెళ్లవలసి వస్తే ఈ వివరం ఎంతో విలువైనది.

ఈ పరీక్షకు కింద ఎర్రదీపం ఉండే మామూలు తీగ మౌస్ చాలా అనువైనది. దీపం వెలిగిందంటే విద్యుత్తు అందుతున్నట్టే. దీపం వెలిగి కూడా తెరమీద బాణం కదలకపోతే చిక్కు పరిచయం దగ్గరో, అనుమతి దగ్గరో ఉంది. దీపమే వెలగకపోతే విద్యుత్తు మార్గాన్ని అనుమానించాలి. అయితే కొన్ని మౌస్‌ల కాంతి కంటికి కనిపించదు. ముందు వేరే కంప్యూటరులో దీపం వెలగటం చూసుకున్న మౌస్‌నే వాడాలి.

తీగలను కూడా అంత సులువుగా నమ్మరాదు. ఫోన్లతో వచ్చే కొన్ని చవక తీగలలో విద్యుత్తు తీగలే ఉంటాయి, సమాచారపు తీగలు ఉండవు. అటువంటి తీగతో ఫోను చార్జి అవుతుంది కాని, అందులోని ఫోటోలు లాప్‌టాప్‌కు కనిపించవు. అలాగే ఒక 2.0 పోర్టు గరిష్ఠంగా 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వటం ప్రమాణం. సొంత విద్యుత్తు లేని హబ్బుకు హార్డ్ డిస్కునూ, వేలిముద్ర యంత్రాన్నీ, మౌస్‌నూ కలిపి తగిలిస్తే ఆ కొద్దిపాటి విద్యుత్తు చాలదు. అందుచేత పరీక్ష చేసేటప్పుడు హబ్బును తీసివేసి, పరికరాన్ని నేరుగా పోర్టులోనే పెట్టాలి.

మా పెద్దాయన లాప్‌టాప్‌లో ఉన్నవి రెండే పోర్టులు, రెండూ ఎడమవైపునే. రెండింటిలోనూ మౌస్ దీపం వెలగలేదు. అంటే చిక్కు విద్యుత్తు దగ్గరే ఉంది.

రెండవ పరీక్ష: కంటితో చూడటం

లాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, చార్జరు తీసివేసి, టార్చి వెలుగులో పోర్టు లోపలికి చూడాలి. దుమ్ము, దారపు పోగులు, వంగిన రేకులు, విరిగిన ప్లాస్టిక్ నాలుక, తేమవల్ల పట్టిన పచ్చటి చిలుము, ఇవన్నీ కంటికి కనిపించే కారణాలే. సముద్రతీర పట్టణాలలో నివసించేవారు చిలుము విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. ప్లగ్గు పెట్టినప్పుడు పైకీ కిందికీ ఊగుతూ, ఒక కోణంలో పట్టుకుంటేనే పనిచేస్తుంటే, రేకుల పట్టు సడలిందనో, లోపల టంకం విడిపోయిందనో భావించాలి. మామూలు పోర్టును కనీసం 1,500 సార్లు, టైప్-సి పోర్టును 10,000 సార్లు పెట్టి తీయటానికి తట్టుకునేలా తయారుచేయాలని ప్రమాణాలు చెబుతున్నాయి. రోజుకు నాలుగుసార్లు పెన్‌డ్రైవ్ పెట్టి తీసేవారికి 1,500 సార్లంటే ఏడాదికి కొద్ది రోజులు ఎక్కువ మాత్రమే. ఆ సంఖ్య దాటగానే పోర్టు పాడవుతుందని కాదు గాని, అరుగుదల తప్పదని గ్రహించాలి.

శుభ్రం చేయటానికి మెత్తని కుంచె గాని, చెక్క పుల్ల గాని వాడాలి. గుండుసూది, పిన్నీసు, హెయిర్‌పిన్ను వంటి లోహపు వస్తువులను లోపల పెట్టటం ప్రమాదకరం. పోర్టు చుట్టూ ఉండే లోహపు తొడుగు గ్రౌండుకు కలిసి ఉంటుంది. 5 వోల్టుల రేకు నుంచి ఆ తొడుగుకు లోహం తగిలితే షార్టు సర్క్యూటు అవుతుంది. నోటితో ఊదటం కూడా మంచిది కాదు, ఊపిరిలోని తేమ లోపల చేరుతుంది.

టార్చి వేసి చూసినప్పుడు పెద్దాయన లాప్‌టాప్ రెండవ పోర్టులో ఏదో తళుక్కుమన్నది. ప్లాస్టిక్ నాలుకకూ తొడుగుకూ మధ్య ఇరుక్కున్న స్టేప్లర్ పిన్ను ముక్క! ఏళ్ల తరబడి కాగితాలను జాగ్రత్తగా కుట్టి దాచుకునే అలవాటున్న మనిషి. స్టేప్లరూ లాప్‌టాపూ ఒకే బల్లమీద ఉంటాయి. చెక్క పుల్లతో ఆ ముక్కను మెల్లగా బయటికి తీశాము.

యంత్రాన్ని మళ్లీ వెలిగించి మౌస్ పెట్టాము. అప్పుడు కూడా దీపం వెలగలేదు. పెద్దాయన ముఖం చిన్నబోయింది. అయితే ఇక్కడితో నిరాశపడనవసరం లేదు.

మూడవ పరీక్ష: పూర్తి విశ్రాంతి

షార్టు సర్క్యూటు అయినప్పుడు లాప్‌టాప్ కాలిపోకుండా, పోర్టుకు విద్యుత్తును నిలిపివేసే రక్షణ ఏర్పాటు లోపల ఉంటుంది. కొన్ని యంత్రాలలో రెండు మూడు పోర్టులకు కలిపి ఒకే రక్షణ ఉంటుంది. అందువల్ల ఒక పోర్టులోని లోపం పక్క పోర్టును కూడా మూగబోయేలా చేస్తుంది. కారణం తొలగిన తరువాత కూడా, యంత్రానికి విద్యుత్తు పూర్తిగా ఆగి మళ్లీ అందేదాకా కొన్నిచోట్ల ఆ రక్షణ తన పట్టు వదలదు.

మనం రోజూ చేసే షట్‌డౌన్ ఇందుకు చాలదు. 2012లో వచ్చిన విండోస్ 8 నాటి నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన స్థితిలో కొంత భాగాన్ని డిస్కులో దాచుకొని, మర్నాడు అక్కడినుంచే మొదలవుతుంది. ఆ విధంగా నిన్నటి తప్పు నేటికీ కొనసాగే అవకాశం ఉంది. రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రం అన్నీ మొదటినుంచి ప్రారంభమవుతాయి. కాబట్టి పోర్టు పలకనప్పుడు ముందుగా ఒకసారి రీస్టార్ట్ చేయటం తప్పనిసరి.

దానితో పని జరగకపోతే ఈ పద్ధతిని అనుసరించాలి. లాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేయాలి. తగిలించిన పరికరాలన్నిటినీ, చార్జరునూ తీసివేయాలి. బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే దానినీ తీయాలి. తరువాత పవర్ మీటను సుమారు 30 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. లోపల మిగిలి ఉన్న కొద్దిపాటి విద్యుత్తు దీనితో ఖర్చవుతుంది. కొన్ని నిమిషాలు ఆగి, ముందు చార్జరు పెట్టి వెలిగించి, ఆ తరువాతే ఒక పరికరాన్ని పోర్టులో పెట్టాలి.

మేమూ అలాగే చేశాము. ఈసారి మౌస్ కింద ఎర్రదీపం వెలిగింది. రెండు పోర్టులూ పనిచేశాయి. ఖర్చయినది ఒక చెక్క పుల్ల, ఒక కప్పు కాఫీ.

నాలుగవ పరీక్ష: డ్రైవర్ల సంగతి

అందరి లాప్‌టాప్‌లలోనూ స్టేప్లర్ పిన్నులు ఉండవు. దీపం వెలిగి కూడా పరికరం పనిచేయని సందర్భాలలో విండోస్‌లోని డివైస్ మేనేజర్‌ను తెరవాలి. స్టార్ట్ గుర్తుపై మౌస్ కుడి మీట నొక్కితే వచ్చే జాబితాలో అది ఉంటుంది. అందులో 'యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్' అనే శీర్షిక కింద చూడాలి. కిందికి చూపే బాణం ఉంటే దానిని ఎవరో నిలిపివేశారని అర్థం, తిరిగి ఎనేబుల్ చేస్తే చాలు. పసుపు త్రికోణం ఉంటే డ్రైవరుతో గాని, పరికరంతో గాని ఇబ్బంది ఉన్నదని అర్థం. ఆ వరుసను ఎంచుకొని 'అన్‌ఇన్‌స్టాల్ డివైస్' నొక్కి, యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తే విండోస్ ఆ డ్రైవరును తిరిగి తానే స్థాపించుకుంటుంది. అయితే ఈ పనికి ముందు లాప్‌టాప్ సొంత కీబోర్డు, టచ్‌ప్యాడ్ సరిగా పనిచేస్తున్నాయని నిర్ధారించుకోవాలి. లేకుంటే బయటి మౌస్ కూడా ఆగిపోయి దారి మూసుకుపోతుంది.

కాసేపు పనిచేసి, తరువాత నిద్రపోయే పోర్టులు కూడా ఉంటాయి. బ్యాటరీ ఆదా కోసం విండోస్ వాడకంలో లేని పోర్టులకు విద్యుత్తు తగ్గిస్తుంది. డివైస్ మేనేజర్‌లో 'యు.ఎస్.బి. రూట్ హబ్' లక్షణాలలో పవర్ మేనేజ్‌మెంట్ అనే భాగం ఉంటే, విద్యుత్ ఆదాకై పరికరాన్ని ఆపివేయవచ్చునన్న వాక్యం పక్కనున్న గుర్తును తీసివేయాలి.

పాత విండోస్‌ను కొత్త లాప్‌టాప్‌లో వేయించుకున్నవారికి మరొక చిక్కు ఉంది. 2009లో వచ్చిన విండోస్ 7లో 3.0 పోర్టులకు సొంత డ్రైవరు లేదు. దానిని విడిగా వేయకపోతే ఆ పోర్టులు పనిచేయవు. ఇక్కడ పోర్టుదీ తప్పు కాదు, బోర్డుదీ కాదు.

అయిదవ పరీక్ష: విండోస్ రాకముందే చూడటం

లోపం యంత్రానిదా, విండోస్‌దా అని తేల్చటానికి ఒక చక్కని ఉపాయం ఉన్నది. యంత్రాన్ని వెలిగించగానే ఎఫ్2 గాని, ఎఫ్10 గాని, డిలీట్ గాని, ఆ తయారీదారు నిర్ణయించిన మీటను నొక్కితే బయాస్ సెటప్ అనే తెర వస్తుంది. అప్పటికి విండోస్ ఇంకా నిద్రలేవలేదు. ఆ తెరపై యు.ఎస్.బి. కీబోర్డు తగిలించి బాణపు మీటలు నొక్కి చూడాలి. అది పనిచేస్తే పోర్టు క్షేమంగా ఉన్నట్టే, తప్పు విండోస్‌లో వెతకాలి. పనిచేయకపోతే, యు.ఎస్.బి. పోర్టులు ఆ బయాస్‌లోనే నిలిపివేసి ఉన్నాయేమో చూసుకోవాలి. అక్కడ అన్నీ సరిగా ఉండి కూడా పలకకపోతే, అప్పుడు మాత్రమే యంత్రభాగాలను అనుమానించాలి.

తలుపు మూసినది సంస్థే అయితే

మౌస్ పనిచేస్తుంది, కీబోర్డు పనిచేస్తుంది, పెన్‌డ్రైవ్ మాత్రం తెరుచుకోదు. కార్యాలయపు లాప్‌టాప్‌లో ఇలా జరిగితే అది లోపం కాకపోవచ్చు, భద్రతా నియమం కావచ్చు. సమాచారాన్ని నిలువచేసే పరికరాలను మాత్రమే అడ్డుకునే ఏర్పాటును అనేక సంస్థలు అమలుపరుస్తాయి. ఇందుకు తగిన కారణం ఉన్నది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రాము పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా వ్యాపించి, పారిశ్రామిక నియంత్రణ యంత్రాలనే లక్ష్యంగా చేసుకున్నది. కర్మాగారాలు నడిపే సంస్థలలో పనిచేసేవారు దీనిని తేలికగా తీసుకోరాదు. తెలిసిన కుర్రవాడి చేత ఆ అడ్డును తీయించుకోవటం కంటె, కంప్యూటర్ విభాగానికి వ్రాతపూర్వకంగా తెలిపి అనుమతి పొందటమే ఉద్యోగికి క్షేమం.

మరమ్మతుకు ఇచ్చేముందు

పై పరీక్షలన్నీ అయిన తరువాత కూడా పోర్టు పలకకపోతే మరమ్మతు తప్పదు. అప్పుడు కూడా ముఖ్య బోర్డు మార్చవలసిందేనని వెంటనే అంగీకరించనవసరం లేదు. చాలా లాప్‌టాప్‌లలో ఒక వైపు పోర్టులు విడిగా ఒక చిన్న బోర్డుమీద ఉండి, పట్టీ తీగతో ముఖ్య బోర్డుకు కలుపబడి ఉంటాయి. ఒక వైపు పోర్టులు మాత్రమే ఆగినప్పుడు ఆ చిన్న బోర్డునో, పట్టీ తీగనో మార్చితే సరిపోవచ్చు. ఒక్క పోర్టే ఊగుతుంటే దానిని మాత్రమే తీసి కొత్తది టంకం వేయవచ్చు. రెండు వైపులా అన్నీ ఆగి, బయాస్‌లో కూడా పలకనప్పుడే ముఖ్య బోర్డుపై అనుమానం బలపడుతుంది. "ఏ భాగం పాడైంది, ఎలా తేల్చారు, పాత భాగం మాకు తిరిగి ఇస్తారా?" అనే మూడు ప్రశ్నలు మర్యాదగా అడగటంలో తప్పులేదు.

లాప్‌టాప్‌ను చేతికిచ్చేముందు ముఖ్యమైన కాగితాలను, ఫోటోలను వై-ఫై ద్వారా మరో కంప్యూటరులోకి గాని, ఇంటర్నెట్ నిలువలోకి గాని పంపుకోవాలి. పోర్టులు లేకున్నా ఆ దారి తెరిచే ఉంటుంది.

మరొక మాట. జీవన ప్రమాణ పత్రం కోసం పోర్టుమీదనే ఆధారపడనక్కరలేదు. 2021 నవంబరు నుంచి ముఖాన్ని గుర్తించే పద్ధతి కూడా అమలులోకి వచ్చింది. స్మార్ట్‌ఫోను ఉన్న కొడుకో, కోడలో, పక్కింటివారో సాయపడితే వేలిముద్ర యంత్రం లేకుండానే పని పూర్తవుతుంది. వయసు పైబడి వేలిగీతలు అరిగిపోయినవారికి ఇది ఎంతో సౌకర్యం. మన ఇళ్లలోని యువతీయువకులు ఈ ఒక్క సాయం నేర్చుకొని చేసిపెడితే పెద్దలు ఎంతో సంతోషిస్తారు.

గుర్తుంచుకోవలసిన వరుస

1. పరికరాన్ని వేరే కంప్యూటరులో, వేరే తీగతో పరీక్షించాలి.
2. ప్రతి పోర్టునూ విడివిడిగా పరీక్షించి, ఫలితం రాసుకోవాలి.
3. యంత్రం ఆపి, టార్చి వెలుగులో లోపల చూడాలి. లోహపు సూదులు వాడరాదు.
4. రీస్టార్ట్ చేయాలి. చాలకపోతే విద్యుత్తు పూర్తిగా ఖర్చుచేసి తిరిగి వెలిగించాలి.
5. డివైస్ మేనేజర్‌ను, తరువాత బయాస్‌ను చూడాలి.
6. కార్యాలయపు యంత్రమైతే కంప్యూటర్ విభాగాన్ని అడగాలి.
7. చివరగానే మరమ్మతు, అదీ సమాచారం భద్రపరచుకున్న తరువాత.

ఆ మర్నాడు మధ్యాహ్నానికి పెద్దాయన తనతోపాటు ఆరుగురి ప్రమాణ పత్రాలనూ పూర్తిచేశారు. ఇద్దరి ఇళ్లకు లాప్‌టాప్‌ను స్వయంగా మోసుకువెళ్లి మరీ వేలిముద్రలు తీసుకున్నారు. సాయంత్రం నాకు ఫోను చేసి ఆ వార్త చెప్పి, చివరకు ఒక మాట అన్నారు: "నాయనా, ఈ రోజునుంచి స్టేప్లర్‌ను వేరే బల్లకు బదిలీ చేశాను."